మాచర్ల స్టేషను బడిలో మాట్లాడిన మూడు ఇంజన్లు

1946 జూన్ రెండో వారంలో నన్ను మాచర్ల రైల్వే స్టేషను పక్కనున్న బోర్డు ఎలిమెంటరీ బడికి టీచరుగా వేశారు. అది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా అందరికీ ఒక్కరే టీచరు. హెడ్మాస్టరూ ఆ ఒక్కరే, గంట కొట్టేదీ, గది ఊడ్చేదీ ఆ ఒక్కరే. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు. హయ్యర్ గ్రేడ్ ట్రైనింగ్ పూర్తిచేసి, మా ఊరు రొంపిచెర్లలో రెండేళ్ళు పాఠాలు చెప్పిన అనుభవం ఉంది. నరసరావుపేటలో రైలెక్కి, గుంటూరులో దిగి, అక్కడ మాచర్ల బండి పట్టుకుని, సాయంత్రానికి కళ్ళ నిండా బొగ్గు నలుసులతో దిగాను. అప్పటిదాకా రైలంటే నాకు తెలిసింది ఆ నలుసులే.

బడిలో చేరేముందు గురజాల వెళ్ళి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారిని కలవాల్సి వచ్చింది. తాలూకాలో బడులన్నీ తనిఖీ చేసే అధికారి ఆయన. టీచర్లమంతా డిప్టీ గారు అనేవాళ్ళం. ఆయన నా ఆర్డరు చూసి, కూర్చోమనకుండానే విషయం చెప్పేశారు. స్టేషను బడి పిల్లలు లేక వెలవెలబోతోంది. వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల సగటు హాజరు పాతికకు తగ్గితే బడిని ఎత్తేసి, ఊళ్ళో బడిలో కలిపేస్తారు. మార్చి ఆఖరున వార్షిక తనిఖీకి ఆయనే వస్తారు. ఈ ముక్క ఆయన రైళ్ళ టైము చెప్పినంత మామూలుగా చెప్పారు.

కలపడమంటే కాగితం మీద కలపడమే. ఊళ్ళో బడి పట్టాలకు అవతల ఉంది. దానికి పోవాలంటే పిల్లలు వ్యాగన్లు అటూ ఇటూ జరిగే యార్డు దాటాలి. స్టేషను వైపు ఉండేవాళ్ళు రైల్వే ఖలాసీలు, ఫిట్టర్లు, పట్టాలు చూసే గ్యాంగువాళ్ళు, నాపరాళ్ళ క్వారీ కూలీలు. వాళ్ళలో ఏ తల్లీ ఆడపిల్లను యార్డు దాటించదు. ఈ బడి పోతే వాళ్ళకు చదువు పోయినట్టే. నా ఉద్యోగం కూడా టెంపరరీయే, అది వేరే సంగతి.

రిజిస్టరులో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. మొదటి రోజు వచ్చింది పదకొండు మంది. మిగతావాళ్ళ కోసం వెతుక్కుంటూ పోతే అందరూ ఒక్కచోటే దొరికారు. మాచర్ల ఆ లైనుకు చివర. అక్కడ ఇంజన్ను వెనక్కి తిప్పాలి. దానికోసం నేలలో పెద్ద గుండ్రని గొయ్యి, దానిమీద తిరిగే ఇనుప చట్రం ఉంటాయి. దాన్నే టర్న్‌టేబుల్ అనేవారు. ఇంజను దానిమీదికి ఎక్కి నిలబడితే నలుగురు మనుషులు చేత్తో నెట్టి చుట్టూ తిప్పుతారు. పిల్లలంతా ఆ గొయ్యి అంచున కూర్చుని ఉన్నారు. పక్కనే బూడిద గుంటలో సగం కాలిన బొగ్గు ఏరుకుని ఇళ్ళకు మోసుకుపోవడం వాళ్ళ పని. పొయ్యిలోకి బొగ్గూ వస్తుంది, కంటికి వేడుకా అవుతుంది. అలాంటిచోట నా బడి ఎవరికి కావాలి?

మా వాచకంలో మూడో పాఠం సముద్రంలో పడవ. పల్నాటి పిల్లలకు సముద్రం ఎక్కడిది? 'తెరచాప' అనే మాట నెల రోజులు చెప్పినా వాళ్ళకు ఎక్కలేదు. నా కోపం సంగతి అప్పటికే పిల్లలకు తెలిసిపోయింది. ఒకరోజు పాఠం మధ్యలో బయట ఇంజను కూత వినపడగానే బడి మొత్తం లేచి కిటికీకి అతుక్కుంది. నేను బెత్తం తీసుకుని, ఎందుకు లేచారని గద్దించాను. గ్యాంగుమేస్త్రీ కొడుకు ఏసోబు, వాడికప్పుడు ఎనిమిదేళ్ళు, బెత్తాన్ని చూస్తూనే జవాబు చెప్పాడు.

"అది పిలస్తంది పంతులమ్మా. పోదాం పోదాం పోదాం అంటంది. ఇనపడట్లా?"

విన్నాను. నిజంగానే పాసింజరు ఇంజను బయల్దేరుతూ గబగబా 'పోదాం పోదాం పోదాం' అంటోంది. ఇన్నాళ్ళూ నాకే వినపడలేదు. బెత్తం బల్ల మీద పెట్టి, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'పోదాం పోదాం పోదాం' అని రాశాను. ఆ సాయంత్రానికి ఒకటో తరగతి పిల్లలందరూ ఆ మాట గుర్తుపట్టారు.

ట్రైనింగులో మాకు వాక్య పద్ధతి అని ఒకటి నేర్పారు. అ, ఆ లతో మొదలుపెట్టకుండా, పిల్లలకు అర్థమయ్యే చిన్న వాక్యం ముందు చూపించి, దాన్ని మాటలుగా, మాటల్ని అక్షరాలుగా విడగొట్టడం. చెప్పడానికి బాగుంటుంది గానీ, పిల్లలు చెవికోసుకునే వాక్యం దొరకాలి కదా. నాకు దొరికింది. క్యాలెండర్ల వెనక అట్టల మీద కథలు రాసి గోడకు తగిలించడం మొదలుపెట్టాను. వారానికొక కథ, కథకు పది వాక్యాలు.

మాచర్లలో ఇంజన్లు నిలిపే షెడ్డులో మామూలుగా కనపడేవి మూడు. మూడింటికీ పేర్లు పెట్టాము. పాసింజరు బండిది తొందరమ్మ. టైము తప్పితే తల తీసేసినట్టు బాధపడుతుంది, ఎవరినీ పలకరించదు, తన కంటే ముఖ్యులు లేరనుకుంటుంది. యార్డులో వ్యాగన్లు సర్దే ముసలి ఇంజను గొణుగుడు తాత. రోజంతా 'ముందుకా, వెనక్కా? ముందుకా, వెనక్కా?' అని సణుక్కుంటూ తిరుగుతాడు. అయినా చెప్పిన పని చేయకుండా ఉండడు. ఇక నాపరాళ్ళు, మిరపకాయ బస్తాలు, పత్తి బేళ్ళు లాగే గూడ్సు ఇంజనుది కునుకయ్య.

గుణాలు నేనే కల్పించానని అనుకునేదాన్ని గానీ, సగం పిల్లలు చెప్పినవే. తాత నోట మర్యాద మాటలు పెడితే వాళ్ళు ఒప్పుకోలేదు. తాత అట్టా మాట్లాడడని కొట్టేయించారు. తొందరమ్మ ఒక కథలో ఆగి కుక్కపిల్లను కాపాడిందని రాస్తే ఏసోబు నవ్వాడు. తొందరమ్మ ఆగదు, స్టేషను మాస్టరు ఎర్రజెండా చూపితేనే ఆగుతుంది అన్నాడు. ఇంజను మాట్లాడుతుందంటే ఎవరికీ అభ్యంతరం లేదు. తన గుణానికి తగని మాట మాట్లాడితే మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు. కథలు రాసేవాళ్ళకు ఇంతకన్నా మంచి పరీక్షాధికారులు ఉండరని నాకు అప్పుడే తెలిసింది.

అక్టోబరుకు హాజరు ఇరవై దాటింది. డిసెంబరుకు ముప్పై ఒకటి. బొగ్గు బుట్టలు బడి గోడ పక్కన వరసగా పెట్టి మరీ లోపలికి వచ్చేవారు. ఎదిగిన పిల్లలు అట్టలు చదివి చిన్నవాళ్ళకు వినిపించేవారు. నాకు బుర్ర కాస్త తిరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఊళ్ళో బడి హెడ్మాస్టరు దారిలో ఎదురైతే, నేనే ముందు పలకరించి మా హాజరు చెప్పేదాన్ని.

తప్పు జనవరిలో చేశాను. ప్రతి కథకూ నీతి ఉండాలని ట్రైనింగులో చెప్పారు కదా, బద్ధకం మంచిది కాదని ఒక కథ రాశాను. కథానాయకుడు కునుకయ్య. బయల్దేరేటప్పుడే నిట్టూరుస్తాడు. 'పడుకుంటా, పడుకుంటా' అంటూ మెల్లగా కదులుతాడు. రెంటచింతలలో ఒక కునుకు, గురజాలలో ఒక కునుకు, నడికుడిలో ఏకంగా గంటసేపు నిద్ర. ఈలోపల తొందరమ్మ చక్కగా టైముకు గుంటూరు చేరి అందరి మెప్పూ పొందుతుంది. ఆఖరి వాక్యం, 'కునుకయ్య సోమరి.' కథ పిల్లలకు తెగ నచ్చింది. గూడ్సు బండి షెడ్డు దాటుతుంటే గోడెక్కి 'పడుకుంటా, పడుకుంటా' అని అరవసాగారు. నేను లోపల కూర్చుని మురిసిపోయాను.

ఆ ఇంజనుకు ఒక డ్రైవరున్నాడన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన పేరు మస్తాన్‌వలి. లోకో షెడ్డులో ఇంజను తుడిచే క్లీనరుగా చేరి, బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, ఆ పైన గూడ్సు డ్రైవరు అయ్యాడు. ఆ మెట్లన్నీ ఎక్కడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆయన కూతురు హుస్సేన్‌బీ మా మూడో తరగతిలో అందరికన్నా బాగా చదివే పిల్ల. ఒకరోజు బోర్డు ముందు తడబడితే, వెనక నుంచి ఎవరో, "సోమరోడి కూతురు గదా, కునుకొచ్చింది" అన్నారు. బడంతా నవ్వింది. వాళ్ళను నేను మందలించాను గానీ, నాకూ నవ్వొచ్చింది. ఆ పిల్ల దాన్ని చూసింది.

మర్నాడు హుస్సేన్‌బీ రాలేదు. ఆ మర్నాడు షెడ్డు పనివాళ్ళుండే లోకో లైనులోని సాయిబుల ఇళ్ళ నుంచి ఎవరూ రాలేదు. తొమ్మిది మంది. హాజరు లెక్కలోకి వచ్చే నెలలు సరిగ్గా అవే. పైగా మిరపకాయ కోతలు మొదలై, మిగతావాళ్ళలోనూ కొందరు అమ్మల వెంట చేలకు పోతున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది నా పని.

వెంటనే వెళ్ళి ఉంటే బాగుండేది. నేను వెళ్ళలేదు. కథకు కోపమేమిటి, ఇనప ముక్కను సోమరి అంటే మనిషికి తగలడమేమిటి అని పది రోజులు నాలో నేనే వాదించుకున్నాను. ఆ పది రోజులూ రిజిస్టరులో తొమ్మిది పేర్ల పక్కన ఎర్ర సిరాతో సున్నాలు పెట్టాను. పదకొండో రోజు సాయంత్రం బడి వదిలాక లోకో లైనుకు నడిచాను.

మస్తాన్‌వలి భార్య ఖాసింబీ వాకిట్లో చాప వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. పలకరించలేదు. హుస్సేన్‌బీ లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మస్తాన్‌వలి డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను క్షమించమని అడిగాను. నన్ను తిడతాడని సిద్ధపడే వచ్చాను.

"నన్నంటే నేను పట్టించుకోను పంతులమ్మా," అన్నాడు. "ఆ ఇంజను సోమరిది గాదు. చానా కష్టపడుద్ది. మీకు తెలవక రాశారు. రేపు శనారం వాషౌట్. వచ్చి సూడండి, సూసినాక మీ ఇష్టం."

వాషౌట్ అంటే బాయిలరు కడగడం. మర్నాడు షెడ్డు ఛార్జిమన్ గారి అనుమతి తీసుకుని మస్తాన్‌వలి నన్ను లోపలికి తీసుకువెళ్ళాడు. ఛార్జిమన్ అంటే షెడ్డులో రిపేర్లకు బాధ్యుడు, ఆయన మాట లేకుండా అక్కడ ఇంజను కదలదు, పంతులమ్మ కూడా కదలకూడదు. కునుకయ్య నిప్పు లేకుండా చల్లగా నిలబడి ఉన్నాడు. బాయిలరుకు కింది వైపునున్న బిరడాలు విప్పి, ఖలాసీలు పొడుగాటి ఇనుప కడ్డీలు లోపలికి దూర్చి గీకుతున్నారు. నీళ్ళ పైపు పెట్టి కొడుతుంటే తెల్లటి బురద, దాంతోపాటు అరచేతి మందాన పెచ్చులు బయటికి వస్తున్నాయి. బుట్టలతో ఎత్తిపోస్తున్నారు.

ఆయన ఒక పెచ్చు తీసి నా చేతిలో పెట్టాడు. అచ్చంగా రాయే. పల్నాడంతా సున్నపురాయి నేల. మన బావుల్లో నీళ్ళు కాస్తే కుండ అడుగున తెల్లగా పేరుకోవడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ నీళ్ళే ఇంజను తాగాలి. నిప్పుకూ నీళ్ళకూ మధ్య ఆ రాయి పేరుకుపోతే, ఎంత బొగ్గు వేసినా వేడి నీళ్ళకు అందదు. ఆవిరి తయారు కాదు. డ్రైవరూ ఫైర్‌మనూ చెమటలు కక్కినా బండి మెల్లగానే పోతుంది. పాసింజరు ఇంజనుకు గుంటూరులో వేరే నీళ్ళు, ముందు వాషౌట్. గూడ్సు ఇంజను చాలాసార్లు ఇక్కడి నీళ్ళతోనే నడవాలి. దానికి వాషౌట్ వంతు ఆఖరున వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

మరి నడికుడిలో గంటసేపు ఎందుకు ఆగుతుందని అడిగాను. అప్పుడు మాత్రం ఆయనకు నవ్వొచ్చింది. లైను ఒక్కటే కదా అన్నాడు. పాసింజరు వస్తుంటే గూడ్సును పక్క లైనులోకి తోసి ఆపేస్తారు. పాసింజరు దాటిపోయేదాకా అక్కడే నిలబడాలి.

"తొందరమ్మ టైముకు పోతందంటే, ఇది పక్కకు జరగబట్టే గదమ్మా," అన్నాడు.

సిగ్గేసింది, ఆ మాట దాచుకోను. ఎనిమిది నెలలుగా రోజూ నా కిటికీ ముందు నుంచి పోయే బండి గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. తెలియకుండానే దానికి గుణం అంటగట్టి, నీతి చెప్పి, ముప్పై మంది పిల్లల చేత కంఠతా పట్టించాను. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. బండి ఆలస్యమైన ప్రతిసారీ డ్రైవరు దానికి కారణం రాసివ్వాలి. 'నీళ్ళు' అని మస్తాన్‌వలి ఎన్నిసార్లు రాశాడో ఆయనకే లెక్క లేదు. షెడ్డులో ఎగతాళి చేసిన పైవాళ్ళు కూడా ఉన్నారట. ఇప్పుడు బడి పిల్లలు కూడా మొదలుపెట్టారు. ఆయన కడుపు మండింది అందుకు.

నేను పాత కథ మార్చి రాస్తానన్నాను. షెడ్డు నుంచి వాళ్ళ ఇంటికి వచ్చి హుస్సేన్‌బీని అడిగితే, ఒక షరతు మీద బడికి వస్తానంది. కునుకయ్య ఏం మాట్లాడాలో పంతులమ్మ రాయకూడదు, తను చెబుతుంది, నేను అట్ట మీద ఎక్కించాలి. ఖాసింబీ కసిరింది గానీ, నాకు ఆ షరతు న్యాయంగా తోచింది. పేరైనా మార్చమంటావా అంటే వద్దంది.

"పేరట్టనే ఉండనీండి. అందరికీ తెలిసిన పేరే గదా. సోమరి గాదని అదే పేరుతో తెలవాల."

సోమవారం తొమ్మిది మందీ వచ్చారు. నేను బడి ముందు నిలబడి, నాకు తెలియక తప్పు రాశానని పిల్లలందరికీ చెప్పాను. పంతులమ్మ తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పెచ్చును చేతుల్లో పెట్టి అందరికీ తిప్పాను. కొత్త కథలో కునుకయ్య శబ్దం పాతదే, మాటలు మాత్రం 'లాగుతున్నా, లాగుతున్నా' అయ్యాయి. కథను పిల్లలే ఆడి చూపించాలనుకున్నారు, తొందరమ్మ వేషం ఏసోబుది. కునుకయ్య పక్కకు జరిగితే తొందరమ్మ కృతజ్ఞత చెప్పాలా వద్దా అని వాడికీ హుస్సేన్‌బీకీ రెండు రోజులు వాదన నడిచింది. తొందరమ్మ గుణానికి అది కుదరదని ఏసోబు పట్టుబట్టాడు. చివరికి తొందరమ్మ థాంక్స్ చెప్పదు గానీ, వెళుతూ వెళుతూ ఒక్క కూత అదనంగా వేస్తుందని రాజీ పడ్డారు. ఇంత చక్కని రాజీ నాకు తట్టేది కాదు.

మార్చిలో తనిఖీ తేదీ వచ్చింది. ముందు రోజు సాయంత్రం రిజిస్టరు కూడితే మూడు నెలల సగటు ఇరవై నాలుగున్నర వచ్చింది. మూడుసార్లు కూడాను. సగం పిల్లవాడు తక్కువ పడ్డాడు. ఊళ్ళో బడి హెడ్మాస్టరు సలహా అడగకపోయినా ఇచ్చాడు. ఎర్ర సున్నాలు కొన్ని హాజరు గీతలు చేస్తే సరి, తాలూకాలో చేయని వాళ్ళెవరు అన్నాడు. చేయనని చెప్పడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలు లేవని అబద్ధం చెప్పను.

డిప్టీ గారు ఉదయం పదింటికి వచ్చారు. తనిఖీకి ఒక క్రమం ఉంటుంది. మొదట రిజిస్టరు, తలల లెక్క. తర్వాత టీచరు రోజూ రాసే పాఠాల నోట్సు. ఆ తర్వాత ప్రతి తరగతికీ చదువు, రాత, నోటి లెక్కలు. చివర లాగ్ బుక్కులో అభిప్రాయం. ఆ పుస్తకంలో ఆయన రాసిందే బడికి తీర్పు. ఆ రోజు ముప్పై నాలుగు మంది కూర్చున్నారు. కిటికీల బయట తల్లులు నిలబడ్డారు. మస్తాన్‌వలి డ్యూటీ బట్టలతోనే వచ్చి గోడవారగా ఉన్నాడు.

డిప్టీ గారు సగటు కూడి, పెన్ను మూత పెట్టి, ఇది చాలదన్నారు. జనవరి ఆఖరున తొమ్మిది మంది పన్నెండు రోజులు వరసగా ఎందుకు రాలేదని అడిగారు. నా కథ వల్ల అన్నాను. ఏం కథ అన్నారు. నోట్సులో ఆ పేజీ తీసి చూపించాను. చదివారు. గోడల మీది అట్టలన్నీ చూశారు. వాచకం వదిలేసి ఇంజన్ల కబుర్లు చెబుతున్నారా, పిల్లలు ఇవన్నీ చిలక పలుకుల్లా కంఠతా పట్టి ఉంటారు, ఇది చదువు కాదు అన్నారు. జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

ఆయనే సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఒక వాక్యం రాశారు. నా పాత కథలో ఆఖరిదే, నోట్సులో ఇప్పుడే చూసింది. 'కునుకయ్య సోమరి.' వరసలో ముందున్న హుస్సేన్‌బీని చదవమన్నారు.

ఆ పిల్ల లేచి, స్పష్టంగా చదివింది. తర్వాత కూర్చోలేదు.

"అది తప్పండీ," అంది.

ఆయన నల్లబల్ల వైపు చూసుకున్నారు. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయే అన్నారు. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, మాట అబద్ధం అంది హుస్సేన్‌బీ. డిప్టీ గారితో అలా మాట్లాడిన టీచర్లు కూడా లేరు తాలూకాలో. ఆయన కాసేపు ఆ పిల్లను చూసి, అయితే నిజమేదో నువ్వే రాయమని సుద్దముక్క చేతికిచ్చారు. అందకపోతే మునివేళ్ళ మీద నిలబడి ఇలా రాసింది.

'కునుకయ్య సోమరి కాడు. రాయి తాగి బరువు లాగుతాడు. అందరికీ దారి ఇస్తాడు.'

ఆ వాక్యాలు ఏ అట్ట మీదా లేవు. ఆయన గోడలన్నీ మళ్ళీ ఒకసారి వెతికి చూసుకున్నారు. రాయి తాగడమేమిటని అడిగారు. ముప్పై నాలుగు చేతులు లేచాయి. తర్వాత ముప్పావుగంట నాకు పని లేకుండా పోయింది. వాషౌట్ గురించి, ఒంటి లైను గురించి పిల్లలే చెప్పారు. నిన్న నా బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, ఎవరిని తిట్టాలి అని ఆయన అడిగితే, ఏసోబు తొందరమ్మ గొంతుతో, "నన్ను మాత్రం కాదండీ. నాకు పచ్చజెండా చూపలేదు, నేనేం చేసేది?" అన్నాడు. గంభీరంగా ఉండే మనిషి, రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆపైన వాచకంలో మేము ముట్టని పాఠాలు తెరిచి ఒక్కొక్కరినీ చదివించారు. పడవ పాఠం కూడా చదివారు, 'తెరచాప' తో సహా.

లాగ్ బుక్కులో ఆయన రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. సగటు హాజరు నిబంధనకు అర తక్కువ. కారణం ఉపాధ్యాయురాలు స్వయంగా చెప్పినది, సంతృప్తికరము. పిల్లలు చదివినది అర్థం చేసుకుని, తప్పయినచో కాదనగలుగుతున్నారు. బడిని కొనసాగించవలెను, రెండవ ఉపాధ్యాయుని పోస్టుకు సిఫారసు చేయడమైనది. ఆయన సంతకం పెట్టి, ఆ పేజీ నేనే పైకి చదవాలని బయటున్న తల్లుల వైపు చూపించారు. చదివాను. ఖాసింబీ కిటికీలోంచి చెయ్యి చాచి నా భుజం పట్టుకుంది. ఆనందం అంటే ఏమిటో నన్నెవరైనా అడిగితే ఆ నిమిషం చెబుతాను.

ఆ మధ్యాహ్నం మస్తాన్‌వలి ఛార్జిమన్ గారిని ఒప్పించాడు. గూడ్సు ఇంజను టర్న్‌టేబుల్ మీదికి ఎక్కింది. నలుగురు ఖలాసీలు నెట్టాల్సిన చోట, వాళ్ళ మధ్యన పిల్లలందరూ దూరి భుజాలు ఆనించారు. అంత పెద్ద ఇనుము మొదట కదలలేదు. తర్వాత మెల్లగా తిరిగింది. ముప్పై నాలుగు గొంతులు 'లాగుతున్నా, లాగుతున్నా' అంటుంటే స్టేషను మాస్టరు కూడా బయటికి వచ్చి నిలబడ్డాడు. పైన డ్రైవరు కిటికీలో, తండ్రి పక్కన, హుస్సేన్‌బీ ఉంది. కూత వేయమని ఆ పిల్లకే తాడు ఇచ్చారు. యార్డు దద్దరిల్లింది.

ఆ జూలైలో రెండో టీచరు వచ్చింది. తర్వాత అయిదో తరగతి కూడా ఇచ్చారు. నేను ఇంకా ముప్పై ఏళ్ళు ఎన్నో ఊళ్ళలో చెప్పాను, హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయాను. మా వృత్తిలో ప్రతి పిల్లవాడికీ ఏడాది చివర ఒక రిమార్కు రాయాలి. ఒక్క మాటకు సరిపడా చోటే ఉంటుంది ఆ గడిలో. 'సోమరి' అనే మాట దానిలో చక్కగా పడుతుంది. ఆ మాట నేను మళ్ళీ ఏ పేరు ముందూ రాయలేదు. నాకు ఓపిక ఎక్కువని కాదు, కోపం ఇప్పటికీ తగ్గలేదు. రాయాలనిపించిన ప్రతిసారీ పెన్ను మూసి, ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళేదాన్ని. పొద్దున ఎన్నింటికి లేస్తాడు, బడికి వచ్చేలోపు ఏ పని చేస్తాడు, ఎవరి కోసం పక్కకు జరిగి నిలబడ్డాడు అని అడిగేదాన్ని. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక జవాబు దొరికింది.